కనెక్ట్ ఫోర్‌లో గెలుపు చెక్: బోర్డంతా తిరగాలా, చివరి బిళ్ల చుట్టూ చూస్తే చాలా?

గోదారి_గడి:
పైథాన్‌లో కనెక్ట్ ఫోర్ (పైనుంచి బిళ్లలు వదిలి, తన రంగువి నాలుగు ఒకే వరుసలో కలిపినవాడు గెలిచే ఆట) రాస్తున్నా, 6 అడ్డవరుసలు, 7 నిలువు వరుసలు. బిళ్ల పడ్డ ప్రతిసారీ బోర్డంతా తిరిగి అడ్డం, నిలువు, రెండు ఐమూలలూ చూస్తుంది. అప్పుడప్పుడు ఎడమ అంచున ఐమూలగా రెండే ఎర్ర బిళ్లలున్నా "ఎరుపు గెలిచింది" అని ఆట ఆపేస్తోంది. బోర్డంతా తిరగడమే తప్పు, చివరి బిళ్ల చుట్టూ చూస్తే ఈ గోల ఉండదని ఒక సీనియర్ అంటున్నాడు. నిజమేనా?

లూప్_లెక్కలు:
నిజమే. కొత్త బిళ్ల కలవకుండా కొత్త గెలుపు రాదు కదా. నాలుగేసి గళ్ల వరుసలు బోర్డులో మొత్తం 69, ఒక్క గడి మీదుగా పోయేవి మహా అయితే 13. మిగతావి చూడటం దండగ.

పాతచింతకాయ:
దండగైతే అయింది, అవతలి మనిషి ఎక్కడ వెయ్యాలా అని ఆలోచించేలోపు ఆ 69 ఎన్నిసార్లయినా తిరిగి రావచ్చు. అసలు అడిగింది స్పీడ్ గురించి కాదు, తప్పుడు గెలుపు గురించి. గోదారి గారూ, మీ ఎర్ర బిళ్లలు (2,1), (3,0)లో ఉన్నాయనుకోండి, ముందు అడ్డవరుస, తర్వాత నిలువు వరుస, లెక్క పైనుంచి, సున్నాతో మొదలు. ఎడమకి దిగుతూ పోతే తర్వాతి గడి (4,-1). కుడి అంచు దాటితే పైథాన్ ఇండెక్స్ ఎర్రర్ ఇస్తుంది కాబట్టి అక్కడ అందరూ ఇఫ్ పెడతారు, ఎడమ దాటితే మాత్రం నోరు మెదపదు, -1 అంటే చివరి గడి అనుకుని (4,6) ఇస్తుంది, ఆ తర్వాత -2 అంటే (5,5). ఆ రెంట్లో కూడా ఎరుపే ఉంటే నాలుగూ కలిసిపోయాయి. చివరి బిళ్ల నుంచి నడిచినా ఇదే గుంటలో పడతారు, పద్ధతి మార్చినంత మాత్రాన పోదు.

లూప్_లెక్కలు:
సరే, హద్దు చెక్ రెండిట్లోనూ ఉండాల్సిందే. అయినా చివరి బిళ్ల పద్ధతే శుభ్రంగా ఉంటుంది.

పాతచింతకాయ:
శుభ్రమా? బిళ్ల మధ్యలో పడి రెండు పక్కలా వరుస కలిస్తే రెండు వైపులా లెక్కపెట్టి కలపాలి, అలా కలిపేటప్పుడు ఆ బిళ్లనే రెండుసార్లు లెక్కేసి మూడింటికే గెలుపు ఇచ్చేసే కోడ్‌లు కొల్లలు. పైగా సేవ్ చేసిన బోర్డు తెరిస్తే చివరి ఎత్తు ఏదో ఎవరికి తెలుసు?

బిట్టుబాబు:
ఇద్దరూ వదిలెయ్యండి, బిట్‌బోర్డ్ వాడండి, అంటే ఒక్కో రంగు బిళ్లల్ని ఒకే సంఖ్యలో 0, 1 బిట్లుగా దాచడం. నిలువు వరుసకి 7 బిట్లు, మొత్తం 49, పైన ఒక బిట్ ఎప్పుడూ ఖాళీ. 1, 7, 6, 8 చొప్పున జరిపి యాండ్ చేస్తే పని అయిపోతుంది. ఆ ఖాళీ బిట్టే హద్దు కాపలా, అది తీసేసి 42తో సరిపెడితే మీ బగ్ మళ్లీ వస్తుంది.

లూప్_లెక్కలు:
బాబూ, ఆయన ఆట రాస్తున్నాడు, ఆటని సాల్వ్ చెయ్యట్లేదు. ఆ పని 1988లోనే జేమ్స్ అలెన్, విక్టర్ అలిస్ ఎవరికి వారు చేసేశారు, మొదటి ఆటగాడు నడిమి వరుసలో వేసి తప్పు చెయ్యకుండా ఆడితే గెలుపు అతనిదే.

పాతచింతకాయ:
ఏ పద్ధతైనా సరే టెస్ట్ రాయండి. ఆ 69 వరుసల్లో ఒక్కోదాన్నీ ఖాళీ బోర్డు మీద నింపి గెలుపు వస్తోందో లేదో చూడండి, ఒక బిళ్ల తీసి రావట్లేదని కూడా చూడండి. నేను చెప్పిన ఆ నాలుగు గళ్లు విడిగా చేర్చండి.

గోదారి_గడి:
ఎడమ హద్దు చెక్ పెట్టాక తప్పుడు గెలుపు పోయిందండీ. బోర్డంతా తిరిగేదే ఉంచేస్తున్నా. కానీ టెస్టుల్లో ఇంకోటి బయటపడింది, 42వ బిళ్లతో గెలిస్తే "డ్రా" అంటోంది.

లూప్_లెక్కలు:
డ్రా చెక్ ముందు పెట్టి ఉంటారు. గెలుపు చెక్ తర్వాతకి జరపండి.