అప్‌డేట్: కారు ఫ్యూయల్ పంపు మార్చలేదు, మోత పోయింది

అన్నలందరికీ నమస్తే. నా 1982 మెర్సిడెస్ 280ఎస్‌ఎల్‌లో వెనక నుంచి గుయ్‌మని మోత వస్తోందని, హన్మకొండ నుంచి జనగామ చేరేసరికి మాట కూడా వినపడట్లేదని పోయిన నెల అడిగాను. చాలామంది ఫ్యూయల్ పంపు (ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు పంపేది) మార్చెయ్యమన్నారు. ఒక్క అన్న మాత్రం "మోత వచ్చినప్పుడు బండి ఆపి ట్యాంకు మూత తియ్యి" అన్నాడు. ఆయనకు చేతులెత్తి దండం.

మడికొండ దగ్గర ఆపి మూత తిప్పితే, బుస్సుమని గాలి లోపలికి లాక్కుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే మోత సగానికి తగ్గింది. అంటే ట్యాంకుకు గాలి అందే గొట్టం పూడుకుపోయింది. ఈ కారులో ఉన్నది కే-జెట్రానిక్ అనే పాతకాలం పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి; దాని పంపు కారు కింద, ట్యాంకు బయట ఉంటుంది. పెట్రోలును 5 బార్ల పైచిలుకు ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అయిదింతలు) ముందుకు నెట్టగలదు గానీ పీల్చుకోవడం దానికి కష్టం. పెట్రోలు సరిగా అందకపోతే లోపల ఆవిరి బుడగలు పుట్టి అరుస్తుంది.

మిగతా సగం మోతకు కారణం ట్యాంకు అడుగున జాలీలో దొరికింది. అరచేతిలో పెట్టుకుని చూశాను: కాఫీ పొడిలాంటి తుప్పు, వేలికి అంటుకునే జిగురు. పంపుకెళ్లే రబ్బరు పైపు పైకి బాగానే ఉంది, కోస్తే లోపల ఉబ్బి అగ్గిపుల్ల పట్టేంత సందే మిగిలింది. పంపు కింది రబ్బరు బుష్‌లు రాయిలా గట్టిపడ్డాయి, అవీ మార్చాం.

ట్యాంకు కడిగించకుండా కొత్త పంపు మాత్రం వెయ్యకండి, అదీ పాడవుతుంది.

నిన్న మిట్టమధ్యాహ్నం రామప్ప దాకా వెళ్లొచ్చాను. ఇప్పుడు తాళం తిప్పగానే చిన్న గుర్రు, అంతే.