ఒక్క సీటూ రాని పార్టీని పట్టించుకోవాలా వద్దా? (కెనడా పీపుల్స్ పార్టీ)

బ్రాంప్టన్_పెద్దన్న:
మొన్న మా ఇంట్లో నలుగురం కూర్చున్నప్పుడు ఒకబ్బాయి అన్నాడు, పీపుల్స్ పార్టీ ఆఫ్ కెనడాకి 2025 ఎన్నికల్లో 0.7 శాతం ఓట్లే వచ్చాయి, అదింక పోయినట్టే, దాని గురించి మాట్లాడుకోవడం టైమ్ వేస్ట్ అని. నేను ఒప్పుకోలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్తా, మాక్సిమ్ బెర్నియే అని అప్పటి ప్రధాని హార్పర్ గవర్నమెంట్‌లో విదేశాంగ మంత్రి చేశాడు. 2017 మేలో కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వానికి పోటీ చేసి 13వ రౌండ్‌లో ఆండ్రూ షీర్ చేతిలో ఓడాడు, 49 శాతం దాకా వచ్చి మరీ. మరుసటి ఏడు ఆగస్టులో ట్విట్టర్‌లో మల్టీకల్చరలిజం (ఎవరి సంస్కృతి వాళ్ళు నిలుపుకోవచ్చన్న విధానం) శృతి మించింది అని వరసపెట్టి రాశాడు, అదే నెల 23న పార్టీ వదిలేశాడు, సెప్టెంబర్ 14న సొంతంగా ఈ పీపుల్స్ పార్టీ ప్రకటించాడు. ఇక్కడ పార్టీ రిజిస్టర్ చేయాలంటే 250 మంది ఓటర్ల సంతకాలు, ఒక క్యాండిడేట్ ఉంటే సరిపోతుంది. అంత చిన్నగా మొదలైంది కాబట్టే తేలిగ్గా తీసుకున్నాం అని నా బాధ.

గోదారి_టు_టొరంటో:
అన్నా మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, లెక్కలు చూడండి. 2019లో 1.6 శాతం, 2021లో 4.9, రెండుసార్లూ సీట్లు సున్నా. బెర్నియే క్యూబెక్‌లోని తన సొంత సీటు బోస్‌లో కూడా 2019లో ఓడిపోయాడు. ఇక్కడా మన దగ్గరలాగే, నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినోడిదే సీటు, మిగతావన్నీ గంగలో కలిసినట్టే. 2009లో 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యమే రెండేళ్ళు తిరిగేసరికి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, సున్నా సీట్లోడు ఎంత. మనం రోజూ పేరెత్తితే మనమే ఫ్రీగా ప్రచారం చేసినట్టు.

కాల్గరీ_అక్క:
సీట్లు రాకపోతే ఏమీ జరగనట్టు కాదు తమ్ముడూ. 2019 ఆగస్టులో కొన్ని ఊళ్ళలో పెద్ద పెద్ద హోర్డింగులు పెట్టారు, బెర్నియే ఫొటో వేసి సామూహిక వలసలు వద్దనండి అని. అవి పెట్టింది పార్టీ కూడా కాదు, బయటివాళ్ళు డబ్బులు కట్టి పెట్టించారు, గొడవయ్యాక ఆ హోర్డింగుల కంపెనీయే తీసేసింది. ఆ వారం లంచ్ టైమ్‌లో మా ఆఫీసులో అదే టాపిక్. నేను పులిహోర డబ్బా మూత తీస్తున్నా, నాలుగేళ్ళుగా నా పక్కన కూర్చునే ఆవిడ, నా సీమంతానికి కూడా వచ్చిన మనిషి, అందులో తప్పేముంది, అందరూ అనుకునేదే కదా అంది. తర్వాత నా వైపు తిరిగి నిన్ను కాదులే, నువ్వు వేరు అంది. ఆవిడ చెడ్డది కాదు, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. కానీ అంతకుముందు ఆ మాట నా ముందు అనేది కాదు. నా లెక్కలో ఆ పార్టీకి వచ్చింది అది.

కరీంనగర్_ట్రక్కర్:
అక్కా నీకు జరిగింది తప్పే, కాదనను. కని నేను 2021ల వాళ్లకే ఓటేసిన, దాసిపెట్టుడెందుకు. వ్యాక్సిన్ పాస్ లేకపోతె హోటల్ల కూసోనియ్యమన్నరు, అప్పుడు గట్టిగ వద్దన్నది గా పార్టీ ఒక్కటే. వలసల సంగతి కూడ చెప్త, మా కింద బేస్‌మెంట్ల ఏడుగురు పోరగాండ్లు ఉంటున్నరు, ఒక్క బాత్రూమ్, ఇంటర్ సదివిన పిల్లలు పొద్దుగాల నాలుగింటికి లేచి లైన్ కడ్తరు. ఇండ్లు లేనిదే మనుషులను పిలుసుడేందని అడిగితె నేను రేసిస్టునా? గవర్నమెంటే 2025కి 5 లక్షలున్న పీఆర్ (శాశ్వత నివాసం) టార్గెట్‌ను 3,95,000కి తగ్గించింది కదా.

బ్రాంప్టన్_పెద్దన్న:
తమ్ముడూ నువ్వు రేసిస్టువని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. ఎంతమందిని పిలవాలి అన్నది మాట్లాడుకోవాల్సిన విషయమే. కానీ వాళ్ళ 2019 మేనిఫెస్టో తీసి చదువు, ఏడాదికి లక్ష నుంచి లక్షన్నర అన్న దగ్గర ఆగలేదు, మల్టీకల్చరలిజం చట్టమే రద్దు చేస్తామన్నారు, దానికిచ్చే నిధులు ఆపేస్తామన్నారు. అది బాత్రూమ్ లైన్ గురించి కాదు కదా, ఇక్కడికి వచ్చేసిన నీ గురించీ నా గురించీ. ఇంకోటి, బెర్నియే నాయకత్వానికి పోటీ చేసింది వలసల మీద కాదు, పాలు గుడ్లు కోళ్ళు ఎవరెంత ఉత్పత్తి చేయాలో కట్టేసే కోటా పద్ధతి తీసేయాలని. పాడి రైతులుండే బోస్ నుంచి గెలిచి ఆ మాట అన్నాడు, దానికి ధైర్యం కావాలి, నాకే నచ్చింది. సొంత పార్టీ పెట్టాక సభలకి వచ్చినవాళ్ళు కోడిగుడ్ల కోటా గురించి వినడానికి రాలేదు, మెల్లగా ఈయనే వాళ్ళ దారిలోకి పోయాడు. 2021లో అప్పటి ప్రధాని ట్రూడో మీద కంకర రాళ్ళు విసిరిన కేసు పెట్టింది ఆ పార్టీ స్థానిక శాఖ అధ్యక్షుడి మీదే. పార్టీ అతన్ని తీసేసింది, నిజమే, కానీ అలాంటివాడు అక్కడే ఎందుకు చేరాడో చూడాలి కదా.

గోదారి_టు_టొరంటో:
సరే అన్నా, మరి ఇంత బలముంటే 4.9 నుంచి 0.7కి ఎందుకు పడిపోయింది? 2022లో వ్యాక్సిన్ రూల్స్ వద్దంటూ ట్రక్కుల కాన్వాయ్ ఒట్టావాలో దిగినప్పుడు, తర్వాత కన్సర్వేటివ్ నాయకుడైన ఎంపీ పోలియేవ్ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాడు, ఆ ఓటంతా తిరిగి కన్సర్వేటివ్ ఇంటికెళ్ళిపోయింది. 2023లో మానిటోబా పోర్టేజ్ లిస్గర్ ఉప ఎన్నికలో బెర్నియేనే దిగితే 17 శాతమే, అంతకుముందు అక్కడ ఊరూ పేరూ తెలియని క్యాండిడేట్‌కి అంతకంటే ఎక్కువొచ్చాయి.

కాల్గరీ_అక్క:
ఆ ఓట్లు ఊరికే వెళ్ళాయా మరి? పెద్ద పార్టీ వాళ్ళ మాటలు కొన్ని తీసుకుంటేనే కదా వెళ్ళాయి. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే.

కరీంనగర్_ట్రక్కర్:
చట్టం రద్దు జేస్తమన్నది నేను సదవలే అన్నా, నిజం చెప్తున్న. వ్యాక్సిన్ ముచ్చట ఒక్కటే సూసి ఏసిన. కని అద్దెల సంగతి, గా పోరగాండ్ల సంగతి మనోళ్ళల్ల ఎవలు మాట్లాడుతున్నరు? దసరాకు బతుకమ్మ ఫొటోలు పెడ్తరు, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడ్తరు, గంతే. మనం మాట్లాడకపోతె ఎవలు మాట్లాడితె వాళ్ల ఎనుక పోతరు మనుషులు.

బ్రాంప్టన్_పెద్దన్న:
ఇది మాత్రం నిజంగా మన తప్పే తమ్ముడూ. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో నేనే ఎత్తుతా. నువ్వు రా, ఆ బేస్‌మెంట్ పిల్లల్లో ఒకరిద్దర్ని కూడా తీసుకురా, వాళ్ళ నోటితోనే చెప్పిద్దాం.