చెనీ కూతురి మాట: ఒకరికి థాంక్స్, ఇంకొకరికి తిట్లు?

2004 అమెరికా ఎన్నికల మీద క్లాసులో మాట్లాడాలి, ఒక్క చోట ఇరుక్కుపోయా. అక్టోబర్ 5న ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో డెమొక్రాట్ల అభ్యర్థి ఎడ్వర్డ్స్, ఎదురుగా ఉన్న అప్పటి రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు చెనీతో, చెనీ దంపతులు తమ గే కూతుర్ని దగ్గరికి తీసుకున్నారని మెచ్చుకుంటే చెనీ థాంక్స్ చెప్పి ఆపేశాడు. 13న అరిజోనాలోని టెంపీలో అధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో, గే అవ్వడం ఎంచుకునేదా అని అడిగితే డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి కెర్రీ 'చెనీ కూతురు లెస్బియన్, ఆమెనే అడగండి' అన్నట్టు చెప్పాడు, అంతే, ఆ కూతురి తల్లి లిన్ చెనీ 'ఇతను మంచి మనిషి కాదు' అని మండిపడింది. ఆగస్టులో అయోవాలో చెనీయే స్వయంగా చెప్పుకున్న విషయం కదా ఇది!

రెండు ట్రాన్‌స్క్రిప్టులూ పక్కపక్కన పెట్టి చదివా, వీడియో స్లోగా చూశా, డల్లాస్‌లో ఉన్న బావనడిగితే 'అంతా ఓట్ల గోల' అన్నాడు, అది క్లాసులో చెప్పలేను. ఎడ్వర్డ్స్ అంటే చెల్లింది కెర్రీ అంటే ఎందుకు చెల్లలేదు?