బెట్టకు, వడగాలికి బయోస్టిమ్యులెంట్లు (మొక్కను ప్రేరేపించే మందులు): వాడినవారి అనుభవాలు కావాలి

పచ్చనాకు:
నిరుడు టమాటా పూత మీద ఉన్నప్పుడు వరుసగా వడగాలులు వీచి సగం పూత రాలిపోయింది. మొక్కలు వడలిన రెండో రోజున సముద్రపు నాచు సారం పిచికారీ చేశాను గాని గుణం కనిపించలేదు. లోపం మందులో ఉందా, నేను వాడిన తీరులో ఉందా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

తొలిసాలు:
లోపం సమయంలో ఉందని నా అభిప్రాయం. నాచు సారం ఎరువు కాదు. మొక్క తన రక్షణను తానే సిద్ధం చేసుకునేలా ప్రేరేపించేది మాత్రమే. కణాలలో నీటిని పట్టి ఉంచే ప్రోలిన్ వంటి పదార్థాలను కూడబెట్టుకోవడానికి, ఆక్సీకరణ నష్టాన్ని అడ్డుకునే ఎంజైములను పెంచుకోవడానికి మొక్కకు కొంత వ్యవధి కావాలి. పత్రరంధ్రాలు మూసుకుని వడలిపోయిన మొక్కకు ఆ వ్యవధి ఎక్కడిది? నేను వాతావరణ సూచన చూసుకుని, వేడి రావడానికి ఐదారు రోజుల ముందే సాయంత్రం వేళ ఆకు అడుగుభాగం తడిసేలా పిచికారీ చేస్తాను. గత పంటలో నాలుగు సాళ్లను పిచికారీ చేయకుండా వదిలాను. మధ్యాహ్నం మూడు గంటలకు ఆ సాళ్లలో ఆకులు వేలాడిపోగా, పక్క సాళ్లలో అంచులు మాత్రమే ముడుచుకున్నాయి. సాయంత్రానికి రెండూ తేరుకున్నాయి కాబట్టి తేడాను ఎండలోనే చూడాలి.

మట్టిమనిషి:
తేడా కనిపించని అనుభవం కూడా ఇక్కడ నమోదు కావాలి. నీరు, ఎరువు వేళకు అందిన తోటలో రెండు పంటల పాటు హ్యూమిక్ ఆమ్లం (కుళ్లిన సేంద్రియ పదార్థంలో ఉండేది) వాడాను. దిగుబడి వదిలేసిన సాళ్లతో సమానంగానే వచ్చింది. పైగా దాన్ని ఒకసారి ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఒకే ట్యాంకులో కలిపాను. నల్లటి మడ్డి అడుగుకు దిగి డ్రిప్పు రంధ్రాలన్నీ పూడుకుపోయాయి. హ్యూమిక్ ఆమ్లం క్షార ద్రావణంలో కరుగుతుంది, ఆమ్లం తగిలితే విరిగిపోతుంది. ఏ రెండింటినైనా ముందుగా సీసాలో కలిపి, కాసేపు ఉంచి చూడండి.

వేరుకుదురు:
మైకోరైజా వంటి వేరు శిలీంధ్రాలను నారు దశలోనే, వేరుకు తగిలేలా ఇవ్వాలి. వేరు చొరలేని సన్నని సందులలోంచి కూడా వాటి పోగులు నీటిని, భాస్వరాన్ని అందిస్తాయి. అయితే భాస్వరం పుష్కలంగా ఉన్న నేలలో మొక్క వాటిని అంతగా చేరనివ్వదు. ఆవాలు, క్యాబేజీ కుటుంబపు పంటలలో అవి సాధారణంగా స్థిరపడవు. వాటిని వేసిన వెంటనే శిలీంధ్రనాశిని పోస్తే శ్రమంతా వృథా అవుతుంది. నేలలో సేంద్రియ పదార్థం, పైన ఆచ్ఛాదన (మల్చింగు) లేకుండా వీటి మీదే భారం వేయడం మాత్రం నాకు సమ్మతం కాదు.

పచ్చనాకు:
అందరికీ కృతజ్ఞతలు. ఈసారి ఆచ్ఛాదన పరచి, సూచన వెలువడిన రోజునే పిచికారీ చేస్తాను. తొలిసాలు గారూ, వదిలేసిన సాళ్లను గట్టు పక్కన ఎంచుకున్నారా, మధ్యలోనా?

తొలిసాలు:
మధ్యలోనే, రెండేసి చొప్పున రెండు చోట్ల ఎంచుకున్నానండి. గట్టు పక్క మొక్కలకు తగిలే గాలి, ఎండ వేరుగా ఉంటాయి కాబట్టి వాటితో పోల్చితే లెక్క తప్పుతుంది.