రెండు పెద్ద కుక్కలు, ముగ్గురు మనుషులు: ఏ కారు తీసుకోవాలి?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. ఒకటి మగ జర్మన్ షెపర్డ్, 38 కిలోలు. ఇంకొకటి తొమ్మిదేళ్ళ ఆడ లాబ్రడార్, 32 కిలోలు. దానికి తుంటి కీళ్ళు అరిగిపోయాయి, తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తరచుగా తీసుకెళ్ళాల్సి వస్తోంది. పండగలకు పలమనేరులో మా పుట్టింటికి వెళ్తాం, మొగిలి ఘాట్ మీదుగా. ఇప్పుడున్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. రెండు కుక్కలూ ఎక్కితే మా అత్తగారికి చోటు ఉండదు, ఆమె ఇంట్లోనే ఆగిపోతున్నారు. బడ్జెట్ పది లక్షల లోపు, సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు. షోరూముల్లో అడిగితే డిక్కీ ఇన్ని లీటర్లు అని చెబుతారు, దాన్నిబట్టి కుక్క పడుతుందో లేదో నాకు తెలియడం లేదు. మా వారు పెద్ద ఎస్‌యూవీ తీసుకుందాం అంటున్నారు. పెద్ద కుక్కలున్నవాళ్ళు చెప్పండి.

జవాబు (పలమనేరు నుంచి)

బొలెరో చూడండి అక్కా. మా తోట దగ్గర అందరిదీ అదే. వెనక పక్క సీట్లు మడిచేస్తే కుక్కలు హాయిగా నిలబడతాయి, బురదైనా గీతలైనా బాధ లేదు. ఘాట్ మీద దిగులుండదు.

జవాబు (తిరుపతి నుంచి)

అక్కా, బొలెరో గట్టి బండే, కాదనను. కానీ మీ లాబ్రడార్ సంగతి చదివాక దాన్ని మీకు చెప్పలేను. ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద కట్టిన బండ్లలో వెనక నేల బాగా ఎత్తులో ఉంటుంది. తుంటి నొప్పి ఉన్న కుక్క అంత ఎత్తు ఎగరలేదు. అంతకన్నా ముఖ్యం, దిగేటప్పుడు దూకితే ముందు కాళ్ళ మీద బరువంతా పడుతుంది. 32 కిలోల కుక్కను ప్రతిసారీ ఎత్తి దించడం మీ నడుముకూ మంచిది కాదు. ఇంకో మాట, బొలెరో, స్కార్పియోల వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది. వెనకాల బండి ఆనించి ఉంటే తెరవలేరు. పైకి లేచే తలుపైతే మీరు కుక్కను ఎక్కించేంతసేపూ ఎండా వానా పడకుండా నీడగా ఉంటుంది.

లీటర్ల లెక్క పక్కన పెట్టండి. అది సంచులకూ పెట్టెలకూ పనికొస్తుంది. ముందు టేపు తీసుకుని కుక్కల్నే కొలవండి. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఎంత, నిలబడితే నేల నుంచి నడినెత్తి దాకా ఎంత, పక్కకు ఒరిగి పడుకుంటే వీపు నుంచి పాదాల దాకా ఎంత. మగ జర్మన్ షెపర్డ్ భుజం దగ్గరే 60 నుంచి 65 సెంటీమీటర్లు ఉంటుంది, తల దానికి పైన. ఆ కాగితం జేబులో పెట్టుకుని షోరూముకు వెళ్ళి, వెనక సీటు మడిపించి, నేల పొడవు, చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు, నేల నుంచి పైకప్పు దాకా ఎత్తు, చివరగా రోడ్డు నుంచి డిక్కీ అంచు దాకా ఎత్తు కొలవండి. చివరిది ఎవరూ కొలవరు, మీకు మాత్రం అన్నిటికన్నా అదే ముఖ్యం. వెనక అద్దం బాగా వాలుగా ఉండే మోడల్స్ బయట నుంచి పెద్దగా కనిపిస్తాయి, లోపల కుక్క తల పెట్టుకునే చోటే తగ్గిపోతుంది. సెడాన్ అసలు వద్దు, దాని డిక్కీలోకి గాలి ఆడదు.

రెండోది ఏసీ. మన దగ్గర రోహిణి కార్తెలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముందు డ్యాష్‌బోర్డులో వచ్చే చల్లగాలి డిక్కీ దాకా చేరేసరికి ఏమీ మిగలదు. అందుకే వెనక వరుసకు విడిగా ఏసీ వెంట్స్ ఉన్న వేరియంటే తీసుకోండి. ఒకే మోడల్‌లో కింది వేరియంట్లలో అవి లేకపోవచ్చు, బ్రోషర్ నమ్మకుండా ఆ బండిలోనే కూర్చుని చూడండి. మారుతి ఈకో వ్యాన్ గురించి ఎవరో ఒకరు చెబుతారు. జరిగే తలుపులు ఇరుకు సందుల్లో చాలా సుఖం, కానీ వెనక విడిగా ఏసీ రాదు. ఆ ఒక్క కారణంతో నేను వద్దంటాను.

మీ ముగ్గురికీ రెండు కుక్కలకూ నా లెక్కలో సరిపోయేది మారుతి వాళ్ళ ఏడు సీట్ల ఎర్టిగా. సెకండ్ హ్యాండ్‌లో 2018 నవంబరు తర్వాత వచ్చిన రెండో తరం మోడల్ చూడండి, పాతదానికన్నా వెనక చోటు ఎక్కువ. మూడో వరుస మడిచేస్తే 550 లీటర్లు. రెండో వరుస 60:40గా మడతపడుతుంది కాబట్టి చిన్న భాగం మడిచి, పెద్ద భాగంలో మీ అత్తగారు కూర్చోవచ్చు. షెపర్డ్ పొడుగ్గా కాళ్ళు చాపుకోవడానికి ఆ సందు పనికొస్తుంది.

జవాబు (మదనపల్లె నుంచి)

మాకు రెనో వాళ్ళ ఏడు సీట్ల ట్రైబర్ ఉంది, ఒక గోల్డెన్ రిట్రీవర్ కుక్క ఉంది. మూడో వరుస సీట్లు విప్పి ఇంట్లో పెట్టేయొచ్చు, అప్పుడు 625 లీటర్ల చోటు వస్తుంది. రెండో వరుస ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నాలుగు మీటర్ల లోపు బండి కాబట్టి మదనపల్లె సందుల్లో కూడా తిరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఇది అందులోకే వస్తుంది. ఎర్టిగా పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది కాబట్టి కొత్తది కొంటే 40 శాతం. ఒక్క కుక్కకైతే కళ్ళు మూసుకుని ట్రైబర్ తీసుకోండి అంటాను. రెండు పెద్దవాటికి మాత్రం ఇరుకే. వన్ లీటర్ ఇంజను, ఏసీ వేసి నిండు బరువుతో ఘాట్ ఎక్కితే గేర్లు ఎక్కువగా మార్చాల్సి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఎర్టిగా సీఎన్‌జీవి సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ కనిపిస్తున్నాయి. రోజూ తిరగడానికి ఖర్చు తగ్గుతుందని మా వారికి అదే ఇష్టం. తీసుకోవచ్చా? అలాగే మూడో వరుస సీట్లు పూర్తిగా పీకించి ఇనుప జాలీ వెల్డింగ్ చేయిస్తే ఎలా ఉంటుంది?

జవాబు (తిరుపతి నుంచి)

సీఎన్‌జీ వద్దక్కా. ఎర్టిగాలో సిలిండర్ మూడో వరుస వెనక డిక్కీలో కూర్చుంటుంది. సరిగ్గా మీ కుక్క పడుకోవాల్సిన చోటు. పెట్రోల్‌దే వెతకండి, ఒక నెల ఆలస్యమైనా పరవాలేదు.

సీట్లు పీకించడం, వెల్డింగ్ రెండూ వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కొస్తుంది. హెడ్‌రెస్ట్ కడ్డీలకు బిగించుకుని విప్పేసుకునే జాలీలు దొరుకుతాయి, అవి చాలు. సీట్లు మడిచాక మధ్యలో గుంట మిగిలితే ఆ కొలతకు ప్లైవుడ్ ముక్క కోయించి, పైన జారని రబ్బరు మ్యాట్ వేయండి. నున్నటి నేల మీద మలుపు మలుపుకూ జారుతుంటే తుంటి నొప్పి ఇంకా పెరుగుతుంది.

జాలీ ఉంది కదా అని కట్టకుండా వదలొద్దు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో బండి ఆగిందనుకోండి, 30 కిలోల కుక్క 400 కిలోలకు పైగా బలంతో ముందుకొస్తుంది. ముందు సీట్లో ఉన్నది మీరు, మధ్యలో మీ అత్తగారు. ఛాతీకి తొడిగే హార్నెస్ కొని, దాన్ని సీటు బెల్టుకో బండిలో సామాను కట్టే కొక్కేనికో పొట్టి పట్టీతో కట్టండి. మెడ పట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టకూడదు, కుదుపుకు మెడ విరుగుతుంది. ముందు సీట్లో కుక్కను కూర్చోబెట్టడం అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది బతకదు.

జవాబు (తిరుపతి నుంచి, పశువైద్యురాలు)

ఏసీ గురించి అన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఎండాకాలంలో మా దగ్గరికి వడదెబ్బ కేసులు కారులో నుంచే వస్తాయి. కుక్కకు ఒంటి నిండా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పే వేడి వదులుకోవాలి. చుట్టూ గాలే వేడిగా ఉంటే రొప్పినా లాభం లేదు. బయట 32 డిగ్రీలున్నప్పుడు మూసి ఉన్న కారులో పది నిమిషాలకు 43, అరగంటకు 51 డిగ్రీలు చేరుతుంది. అద్దం రెండు వేళ్ళు దించినంత మాత్రాన తేడా ఏమీ రాదు. కాణిపాకంలో దర్శనం చేసుకుని వస్తామని నీడలో ఆపి వెళ్ళొద్దు. ఒకరు ఇంజను, ఏసీ నడుపుతూ బండిలో ఉండాలి, లేదా కుక్కలను ఇంట్లోనే ఉంచాలి.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. చొంగ చిక్కగా కారడం, చిగుళ్ళు బాగా ఎర్రబడడం, తూలడం కనిపిస్తే వెంటనే బండి ఆపి పొట్ట, కాళ్ళు, మెడ మామూలు నీళ్ళతో తడిపి, ఏసీ గాలి తగిలిస్తూ దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తండి. బండెక్కేముందు ఐదు నిమిషాలు ఏసీ వేసి లోపల చల్లబరచండి. తిరుపతికి వచ్చేటప్పుడు తెల్లవారకముందే బయలుదేరితే మీకూ వాటికీ సుఖం.

ఘాట్ మలుపుల్లో వాంతులు అవుతుంటే బయలుదేరే మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేయండి, నీళ్ళు ఆపొద్దు. మనం వేసుకునే వాంతి మాత్రలు వాటికి వేయకండమ్మా. కుక్కల కోసమే మందులున్నాయి, బరువు చూసి రాసిస్తాం.

ప్రశ్న అడిగినవారు

డాక్టర్‌గారూ, ధన్యవాదాలు. ఈ సాయంత్రం కొలతలు తీశాను. షెపర్డ్ కుదురుగా నిలబడడానికే చాలా సేపు పట్టింది! పెట్రోల్ ఎర్టిగా ఒకటి రేణిగుంటలో ఉందట, ఆదివారం చూస్తాం. లాబ్రడార్‌ను ఎక్కించడానికి ర్యాంప్ అంటున్నారు, ఎంత పొడవుండాలి? అది ఎక్కుతుందా అసలు, కొత్తదంటే భయం దానికి.

జవాబు (తిరుపతి నుంచి)

డిక్కీ అంచు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 170 సెంటీమీటర్ల ర్యాంప్ కావాలి. అంతకన్నా పొట్టిదైతే వాలు నిటారుగా అయిపోయి తుంటి మీద భారం పడుతుంది. ఆదివారం అంచు ఎత్తు కొలిచాకే కొనండి. మడిచేది, పైన గరుకు పట్టీ ఉన్నది, 60 కిలోలు మోసేది చూడండి. షెపర్డ్‌కు కూడా అదే వాడొచ్చు.

భయం గురించి చెబుతాను. కారు రాకముందే ర్యాంప్ కొని, వరండాలో నేల మీద పరిచేయండి. దాని మీద రోజూ అన్నం గిన్నె పెట్టండి. జంకు పోయాక ఒక చివర ఇటుక మీద ఎత్తి నడిపించండి, మెల్లగా గుమ్మం మెట్టుకు ఆనించండి. కారు వచ్చేసరికి అది దానికి పాత దారే అవుతుంది. ఎక్కేటప్పుడు హార్నెస్ పట్టుకుని మీరు పక్కనే నడవండి, లాగొద్దు. ఆసుపత్రి ఫైల్ ఉంటే డాక్టర్‌గారికి చూపించి, నొప్పి మాత్ర వేశాక ఎంత సేపటికి బండెక్కించాలో కూడా అడిగి రాసుకోండి.