మా ఎంపీ ఏ వైపు ఓటేశారో ఎలా తెలుసుకోవాలి?

వక్ఫ్ సవరణ బిల్లు మీద లోక్‌సభలో మా ఎంపీ ఓటు ఎటు పడిందో వారం రోజులుగా వెతుకుతున్నాను. 2025 ఏప్రిల్ 2న మొదలైన చర్చ అర్ధరాత్రి దాటాక ఓటింగ్‌కి వచ్చింది: అనుకూలం 288, వ్యతిరేకం 232. ఈ అంకెలు ఏ పేపర్లో చూసినా ఉన్నాయి, పేర్లే లేవు.

ఎంపీల పనితీరు చూపించే ఒక సైటులో హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు దొరికాయి. ఓట్ల లెక్క మాత్రం లేదు. ఆ రోజు హాజరు పడింది, కానీ పగలు సంతకం పెట్టినవారు రాత్రి రెండింటిదాకా కూర్చున్నారని నమ్మకమేమిటి? ఆయన ఆఫీసుకి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు రాలేదు. లోక్‌సభ చర్చల రికార్డులో ముందు ఏప్రిల్ 3 తేదీతో వెతికాను (సమావేశం 2వ తేదీదే కదా, నా పొరపాటు), తర్వాత 2వ తేదీతోనూ చూశాను. వందల పేజీల్లో ఓట్ల జాబితా ఎక్కడుందో అంతు చిక్కలేదు.

మూజువాణి ఓటైతే ఎవరి పేరూ నమోదు కాదని తెలుసు, 2014లో రాష్ట్ర విభజన బిల్లు అలాగే పాసైంది. ఇది డివిజన్ (ఎవరు ఎటు వేశారో నమోదయ్యే ఓటింగ్) కాబట్టే అడుగుతున్నాను. "విప్ ఉంటుంది, పార్టీ చెప్పినట్టే వేసుంటారు" అనకండి, అసలు వేశారా లేదా అన్నదే నా అనుమానం.

మెషీన్ మీద నొక్కినవాళ్లతో పాటు స్లిప్పులిచ్చి ఓటేసినవాళ్ల పేర్లు కూడా ఉండే తుది జాబితా కచ్చితంగా ఎక్కడ దొరుకుతుంది?