బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత సముద్ర శాస్త్రం: అనంతపురం నుంచి దారేది?

సీమ_ఫిజిక్స్: అనంతపురంలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. ఫిజికల్ ఓషనోగ్రఫీ (సముద్రపు నీటి కదలికలు, వేడి, ఉప్పుల భౌతికశాస్త్రం) చదవాలనుంది. ఇక్కడ సముద్రమూ లేదు, ఓడా లేదు. ఎమ్మెస్సీకి ఎక్కడ చూడాలి? ల్యాప్‌టాప్‌తో ఇప్పుడే మొదలుపెట్టదగ్గ పని ఏదన్నా ఉందా?

కడప_గాలివాన: ఎమ్మెస్సీకి ముందు చూడాల్సింది విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, ఆ తర్వాత కొచ్చిన్‌లో కుశాట్ (కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం). ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి తర్వాత ఇటు మళ్లినా నష్టం లేదు. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ ఉంది. గేట్‌లోనైతే ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్. అందులో వాతావరణ, సముద్ర శాస్త్రాల సెక్షన్ ఎంచుకోవచ్చు, గణితం మాత్రం తప్పనిసరి. పని దొరికే చోట్లు హైదరాబాద్ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), గోవా ఎన్ఐఓ (సముద్ర శాస్త్ర సంస్థ), చెన్నై ఎన్ఐఓటీ (సముద్ర సాంకేతిక సంస్థ), పుణె ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ సంస్థ). వాతావరణం వైపు మనసు మళ్లితే మనకు దగ్గర్లోనే గాదంకి ఎన్ఏఆర్ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) ఉంది. ఓడ గురించి బెంగ వద్దు, ఈ రంగంలో చాలామంది పని డేటాతోనే.

కర్నూలు_డేటా: ఆ డేటాతోనే ఒక పని చెప్తా. ఆర్గో ఫ్లోట్ అంటే సముద్రంలో వదిలే ఆటోమేటిక్ కొలత పరికరం. అది వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, పైకొస్తూ ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం కొలుస్తుంది. డేటా ఉచితం. బంగాళాఖాతంలో అక్టోబరు–డిసెంబరు ప్రొఫైల్స్ (ఒక్కోసారి పైకొస్తూ లోతు లోతుకూ తీసిన కొలతలు) తీసుకో అబ్బీ. మనకు ఈశాన్య రుతుపవనాల వాన పడేదీ అప్పుడే.

ఫైల్లో ‘అడ్జస్టెడ్’ (సరిదిద్దిన) విలువలే వాడు, క్వాలిటీ ఫ్లాగ్ 1 (మంచి కొలత అనే గుర్తు) ఉన్నవే ఉంచు. పైథాన్‌లో సముద్రపు నీటి లెక్కలకున్న జీఎస్‌డబ్ల్యూ లైబ్రరీతో ముందు లవణీయతను అబ్సల్యూట్ సెలినిటీకి (కిలో నీటిలో ఉప్పు గ్రాములకు) మార్చి, ఆ తర్వాతే సాంద్రత లెక్కించు. మార్చకుండా వేస్తే సాంద్రత ఘనపు మీటరుకు 0.12 కిలోల దాకా తక్కువొస్తుంది. పోలికకు ఆధారంగా 10 మీటర్ల లోతు తీసుకో. సెన్సర్‌కు మురికి పట్టకుండా చాలా ఫ్లోట్లు పైన ఐదు మీటర్ల దగ్గరే పంపు ఆపేస్తాయి.

ఇక రెండు లోతులు కావాలి. ఆ 10 మీటర్ల దగ్గరికన్నా ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలు తగ్గే లోతు ఒకటి, సాంద్రత ఘనపు మీటరుకు 0.03 కిలోలు పెరిగే లోతు ఇంకొకటి. వాటి తేడాయే బ్యారియర్ లేయర్ (అడ్డుపొర) మందం. నదుల మంచినీళ్లు పైన పరుచుకోవడం వల్ల ఆ పొర ఏర్పడుతుంది. అది మందంగా ఉంటే తుపాను గాలి కలియబెట్టినా అడుగు చన్నీళ్లు అంత సులువుగా పైకి రావు, సముద్రం వేడి అంతగా తగ్గదు.

ఉప్పునీళ్లు: ఆ 0.03 దగ్గర ఆగండి. 29 డిగ్రీల నీటిలో 0.2 డిగ్రీలు తగ్గితేనే సాంద్రత 0.06 దాటి పెరుగుతుంది. అంటే ఉప్పు ఎక్కడా మారకపోయినా మీ లెక్కలో దొంగ బ్యారియర్ లేయర్ పుడుతుంది. 10 మీటర్ల దగ్గరి లవణీయతను అలాగే ఉంచి, ఉష్ణోగ్రత మాత్రం 0.2 తగ్గిస్తే సాంద్రత ఎంత పెరుగుతుందో ప్రతి ప్రొఫైల్‌కూ విడిగా లెక్కించి, దాన్నే హద్దుగా పెట్టాలి. ఇంకోటి: డిసెంబరుకు ఉత్తర బంగాళాఖాతంలో పైనీళ్లకన్నా కింది నీళ్లు వేడిగా ఉండే ప్రొఫైల్స్ వస్తాయి. వాటిని కోడ్‌కు వదిలేయకుండా గ్రాఫ్ గీసి కంటితో చూడాలి.

కర్నూలు_డేటా: నిజమే, 0.03 ఇక్కడ పనికిరాదు. పై అన్న చెప్పిన హద్దే పెట్టుకో.

సీమ_ఫిజిక్స్: అందరికీ థాంక్సన్నా. గణితంలో ముందు ఏది పట్టుకోవాలి?

ఉప్పునీళ్లు: వెక్టర్ కాలిక్యులస్, పాక్షిక అవకలన సమీకరణాలు. తర్వాత భూమి తిరగడం వల్ల సమీకరణాల్లో చేరే కొరియోలిస్ పదం ఎక్కడినుంచి వస్తుందో కాగితం మీద రాబట్టు. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలకు అందులోని గుణకం ఎఫ్ విలువ సెకనుకు సుమారు 3.7 × 10⁻⁵ రావాలి.